లావు గీత

ఠంగ్!

నీటి తొట్టి అంచు మీద రేకు చీలుతుంది. చల్లటి నీళ్లు ఎవరిస్తో మెడ మీదుగా చొక్కాలోకి కారతాయి.

ఇంకో జానెడు పక్కకి వచ్చి ఉంటే...!

తల ఇంకా కిందికి దించుతాడు. మోకాళ్లు కలుక్కుమంటాయి. అరవై మూడేళ్ల మోకాళ్లు. ఈ వయసులో ఇలా బురదలో పాకాల్సి రావడం ఏం ఖర్మ!

పక్కనే మేనల్లుడు ఇలారియో వెల్లకిలా పడి ఉన్నాడు. తొడలో తూటా. బెల్టు విప్పి బిగించి కట్టినా నెత్తురు పూర్తిగా ఆగడం లేదు.

రేడియో జీపులో ఉంది. జీపు నూట యాభై అడుగుల దూరంలో ఉంది. మధ్యలో ఉప్పు తేలిన తెల్లటి బీడు. దాక్కోవడానికి గడ్డిపోచ కూడా లేదు.

గంటలోగా రేడియో అందుకోకపోతే ఇలారియో దక్కడు.

"ఎవరిస్తో గారూ!" ఎదురుగా ముళ్లచెట్ల గుంపులోంచి గొంతు. "బయటికి రండి పెద్దాయనా! కూచుని మాట్లాడుకుందాం!"

"నీ మాటలేంటో వాడి తొడలో దిగాయి కదరా గోదోయ్!"

అటు నుంచి నవ్వు. వెంటనే...

ఠంగ్!

వాళ్లు వచ్చింది అడవిపంది కోసం. పొద్దు వాలే వేళ పందులు ఈ తొట్టి దగ్గరికి నీళ్లకి వస్తాయి. వచ్చి చూస్తే తొట్టి పక్కన ఎవరివో రెండు ఆవులు... తోలు ఒలిచి! కత్తి పట్టుకుని గోదోయ్! ఊళ్లో మాంసం కొట్టు గోదోయ్!

పోయిన నెల పశువుల కాపలాదారుని కాల్చి చంపింది ఎవరా అని ఊరంతా బుర్ర బద్దలు కొట్టుకుంది. ఇప్పుడు ఇద్దరికి తెలిసిపోయింది. ఆ ఇద్దరూ ఇంటికి చేరడం గోదోయ్‌కి ఇష్టం లేదు.

ఎవరిస్తో పాత మౌజర్ తుపాకీలో ఒక్క తూటా మిగిలింది. పందికి మూడు చాల్లే అని మూడే తెచ్చాడు. రెండు అయిపోయాయి.

అన్నిటికంటే కడుపు మండే సంగతి ఇంకొకటుంది.

గోదోయ్ తుపాకీకి గురి చూసే స్కోప్ బిగించి ఇచ్చింది తనే!

మూడు వారాల కిందట. తన తుపాకుల షాపు కౌంటర్ మీద రెండు స్కోప్‌లు, వాటి మధ్య మాతే టీ గ్లాసు.

"దేనికయ్యా నీకు? తుపాకీ క్లబ్బులో కాగితం మీద కాల్చడానికా, వేటకా?"

"రెంటికీ."

"రెంటికీ ఒకటి కుదరదు నాయనా. ఇదిగో, చూడు."

మొదటి దాంట్లో వెంట్రుకంత సన్నటి గీతలు, వాటి మీద నిచ్చెన మెట్లలా గుర్తులు. ఎండలో, తెల్ల కాగితం మీద దానికి తిరుగులేదు. కానీ వెలుగు తగ్గాక చీకటి పొద మీద పెడితే ఆ గీత కనబడి చావదు. రెండో దాంట్లో మూడు పక్కల నుంచి లావాటి గీతలు, నట్టనడుమ బ్యాటరీతో వెలిగే ఎర్ర చుక్క.

"వేటంటే సాయంత్రమే కదా. లావుది తీసుకో."

గోదోయ్ మూతి తిప్పాడు. "అది ముసలోళ్ల కళ్లకి. నాకు సన్నదే ఇవ్వండి."

ఇచ్చాడు. మంచి మాట వినకపోతే ఎవరేం చేస్తారు?

ఇప్పుడు అదే ఎవరిస్తోకి మిగిలిన ఒకే ఒక్క ఆశ. పొద్దు గుంకింది. పడమటి ఎరుపు కూడా పోయింది. తొట్టి నీడ చుట్టూ అంతా నల్లబడింది.

అటు నుంచి తూటా వచ్చి పది నిమిషాలైంది.

వాడికి గీత కనబడటం లేదు!

"ఒరే ఇలారియో... వింటున్నావా? ఇంకో ఐదు నిమిషాల్లో పరిగెడతా. అది సన్న గీత. ఈ చీకట్లో వాడు గుడ్డివాడే."

ఇలారియో కళ్లు తెరుస్తాడు.

"మావయ్యా... వద్దు..."

"భయపడకురా."

"అది సన్నది కాదు మావయ్యా... శనివారం మళ్లీ షాపుకి వచ్చాడు. నువ్వు లేవు. మార్చిచ్చా... ఎర్ర చుక్కది."

ఎవరిస్తో మళ్లీ తొట్టి నీడలోకి ఒదుగుతాడు.

"బిగించి ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాన్రా?"

"ఆవు పక్కటెముకల మాంసం తెచ్చాడు... ఆదివారం కాల్చుకు తిన్నాం కదా. చాలా బాగుందన్నావు..."

కోపం రావాలి. రావడం లేదు. ఒళ్లంతా నీరసం. పరిగెత్తి ఉంటే ఆ తెల్ల బీడు మీద పిట్టని కాల్చినట్టు కాల్చేవాడు. వాడికి కళ్లిచ్చింది తన మాట, తన షాపు. దొంగ మాంసం తిన్న నోరూ తనదే.

ఇలారియో వేళ్లు చల్లబడుతున్నాయి.

"చుక్క వెలుగు ఎంతలో పెట్టుకోవాలో చెప్పావా వాడికి?"

"లేదు... ఎందుకు?"

కొత్తగా కొన్న ప్రతివాడూ చేసేది ఒకటే. బ్యాటరీ ఉంది కదా అని మీట చివరిదాకా తిప్పేస్తాడు. అది చవక సరుకు. అంత వెలుగు పెడితే ముందు అద్దంలోంచి కూడా బయటికి కనిపిస్తుంది. షాపు అలమర్లో ఎన్నిసార్లు చూశాడో!

బురదలో పొట్ట మీద పాకుతూ తొట్టి పక్క నుంచి తొంగి చూస్తాడు.

నలుపు... నలుపు... అంతా నలుపు...

అదిగో!

ముళ్లచెట్ల కింద ఆవగింజంత ఎరుపు. కదలకుండా ఇటే చూస్తోంది.

దాని వెనకే గోదోయ్ కన్ను ఉంటుంది.

ఎవరిస్తో మౌజర్ భుజానికి ఆనించుకుంటాడు. తన పాత స్కోప్‌లో చుక్కా లేదు, బ్యాటరీ లేదు. లావు గీతలు మూడూ చీకట్లో మొద్దుల్లా కనిపిస్తున్నాయి. వాటి మధ్య సందులోకి ఆ ఎరుపుని తెచ్చుకుంటాడు. నలభై ఏళ్లలో కాగితాల్ని కాల్చాడు, పందుల్ని కాల్చాడు. మనిషి మొహం మీదికి ఎప్పుడూ గురి పెట్టలేదు. ఏడుపొస్తోంది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"పెద్దాయనా!" గోదోయ్ అరుస్తాడు. "మీరు చెప్పిందే నిజమండోయ్! లావుదే బాగుంది!"

ఎవరిస్తో ఊపిరి సగం వదిలి పట్టుకుంటాడు.

ధాం!

చుక్క ఆరలేదు!

అక్కడే... అలాగే... వెలుగుతోంది!

తప్పిందా? తుపాకీ ఖాళీ. ఇలారియో కళ్లు మూతపడుతున్నాయి. ఇంక ఆగడానికి లేదు.

ఎవరిస్తో లేచి నిలబడతాడు. పరిగెత్తడానికి మోకాళ్లు ఒప్పుకోవు. తెల్లటి బీడు మీదికి అడుగు వేస్తాడు. నడుస్తాడు. వీపు అంతా తూటా కోసం బిగుసుకుపోయి ఉంది.

పది అడుగులు... ఇరవై... ముప్పై...

ఏ చప్పుడూ లేదు.

జీపు తలుపు. రేడియో. మీట నొక్కుతాడు.

"తూటా దెబ్బలు! ఉప్పు బీడులో నీటి తొట్టి దగ్గరికి అంబులెన్స్ పంపండి... తొందరగా!"

"ఎంతమందికి?" అటు నుంచి నిద్ర గొంతు.

ఎవరిస్తో ముళ్లచెట్ల వైపు చూస్తాడు. చుక్క ఇంకా వెలుగుతూనే ఉంది, దాని వెనకే కన్ను లేదు.

"ఇద్దరు. ఒకడికే తొందర."