పదేళ్ల కొలత

లోకం శుక్రవారం సాయంత్రానికి అయిపోవలసింది. శనివారం పొద్దున రెబెకా మామూలుగానే లేచి వాకిలి ఊడ్చింది. ప్రభువు రాకడ శుక్రవారమేనని లెక్కగట్టి చెప్పిన సహవాసం వాళ్లు, ఆ గడియకని తొడుక్కున్న తెల్లబట్టలతోనే బిందెలు పట్టుకుని బోరు దగ్గరికి పోతున్నారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడడం లేదు. ఎర్రమట్టి దారిలో ఆ తెల్లటి వరుసను చూసి ఆమెకు పట్టపగలే ఒళ్లు జలదరించింది. పొయ్యి పక్కన తాను మూతపెట్టిన గిన్నె వైపు మాత్రం చూడకుండా ఇంట్లోకీ బయటికీ తిరిగింది.

దండెం మీద కొత్త గౌను ఊగుతోంది. మూడేళ్ల కిందట జ్వరంతో పోయిన కూతురు జాయ్ కోసం భర్త జోయల్ కుట్టించాడు. సమాధిలోంచి లేచిన బిడ్డకు తొడుక్కోవడానికి బట్ట ఉండాలి కదా అన్నాడు. "ఎన్నేండ్ల పిల్లకన్నా?" అని టైలర్ నూర్ అహమ్మద్ అడిగితే "పది" అన్నాడట. పోయేనాటికి జాయ్‌కి ఏడే.

అంతటితో ఊరుకున్నాడా? బిడ్డకు బరువవుతుందని సమాధి మీది బండ కూడా పక్కకు దొర్లించి వచ్చాడు. మూడు రోజులుగా తన బిడ్డ దుప్పటి లాగేసినట్టు పడుకుని ఉంది. ఆ బండ మళ్లీ కప్పించాలి, రెబెకాకు ఇంకేమీ అక్కర్లేదు.

గౌను తీయబోయి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. అంచంతా తడి మట్టి. వాన చుక్క పడి ఐదు నెలలైంది. నిన్న దండెం మీద వేసింది తనే, అప్పుడు మరక లేదు.

"ఏమయ్యా, ఈ గౌను యాడికి పోయొచ్చింది?"

గడప మీద కూర్చున్న జోయల్ తల దించుకున్నాడు. అంతలో సహవాసం పాస్టర్ శశికుమార్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన ముఖంలో సిగ్గు లేదు, కొత్త లెక్క ఉంది.

"నలభై దినాలు తేడా వచ్చినాది జోయలన్నా. బండ అట్లే పక్కనే ఉండనీ."

"నలభై దినాలు కుక్కలు తవ్వకుండా మీరు కాపలా ఉంటారా అయ్యగారూ?" అంది రెబెకా.

"అట్ల కాదమ్మా. మనలోనే కొందరు విడిపోయి వేరే బోధ చెప్తాండారు. ప్రభువు కంటికి కనపడకుండా వచ్చి పోయినాడంట. లేచేవాళ్లు లేచినారంట. బాప్తిస్మం లేని బిడ్డలు మన్నులోనే నిలిచిపోయినారంట. నువ్వు బండ మూసినావంటే వాళ్ల మాట ఒప్పుకున్నట్టే."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది! లెక్క తప్పింది మీకు. దానికి మీరొక పక్క, వాళ్లొక పక్క నా బిడ్డను పట్టుకుని లాగుతాండారా? ఏడేండ్ల బిడ్డ అది. లెయ్యండి, పోండి!"

పాస్టర్ జోయల్ వైపు చూశాడు. జోయల్ తల దించుకునే, "పోండి అయ్యగారూ" అన్నాడు.

ఆయన పోయాక జోయల్ నోరు విప్పాడు.

"తెల్లారగానే పోయినా రెబెకా. మన్ను గట్టిగుండాదని, అది లేయలేకపోయింటాదని, బిందెడు నీళ్లు పోసినా. గౌను పరిచి చూసినా. తలకు, కాళ్లకు చోటు విడిచి పరిస్తే..." చేతులు చాపి కొలత చూపించాడు. "గుంత చాల్లేదు. అది పెరగలేదు. ఆడ ఏడేండ్లదే ఉండాది."

తాగే నీళ్లకే కటకటలాడే ఊళ్లో బిందెడు నీళ్లు మట్టిలో పోసిన మనిషిని చూస్తే రెబెకా కోపమంతా కరిగిపోయింది. పక్కనే కూలబడి ఏడ్చింది.

"నేను మాత్రం తక్కువదాన్నా? నమ్మను నమ్మను అంటానే నిన్న సాయంత్రం మూడు ముద్దలు చేసినా. మూడోది దానికని మూతపెట్టినా, అట్లే ఉండాది."

ఇద్దరూ సమాధుల దగ్గరికి పోయారు. తడి అప్పుడే ఇంకిపోయి మన్ను నెర్రెలిచ్చింది. రెబెకా గౌనును నాలుగు మడతలు పెట్టి మట్టి మీద ఉంచింది.

"అది రాదు. మనమే పోతాం, ఎప్పుడో ఒకనాడు. పట్టు" అంది.

చెరో పక్క పట్టి బండ కప్పారు. కింద గాలి కదిలి, నిట్టూర్పులాంటి చప్పుడైంది. ఇద్దరూ విన్నారు.

ఇంటికొచ్చాక రెబెకా గిన్నె మూత తీసింది. చల్లారిన రాగిముద్దను రెండుగా విరిచి, మజ్జిగ పోసి, రెండు పళ్లేల్లో పెట్టింది.