చందమామ మీద ఒకే ఒక్క రసాలపండు

"గవర్రాజుగారూ, ఊపిరి బిగబట్టకండి. మామూలుగా ఆడండి," అంది డాక్టర్ మృణాళిని.

"మామూలుగానే ఆడుతున్నానమ్మా. మీరలా నా ముక్కు వంక చూస్తుంటేనే ఊపిరాడట్లేదు," అన్నాడు గవర్రాజు.

పిల్లలకి చందమామని చూపించి గోరుముద్దలు పెడతాం కదా, ఆ చందమామ మీదే ఇప్పుడు ఒక వంటిల్లు ఉంది. ఎంత వింతో చూడండి! అక్కడి మట్టి కింద కట్టుకున్న చిన్న స్టేషన్‌లో వంటింటి బల్ల చుట్టూ నలుగురు కూర్చున్నారు. తవ్వే యంత్రాల మెకానిక్ గవర్రాజు, బండి నడిపే ఇస్మాయిల్, వంట చేసే సత్తెమ్మ, ఆ స్టేషన్ మొత్తానికి ఒకే ఒక్క సైంటిస్టు మృణాళిని. బల్ల మధ్యలో గిన్నె. గిన్నెలో మామిడిపండు.

చందమామ మీద పండిన మొదటి మామిడిపండు అది. గాజుగదిలో చెట్టుని పెంచింది మృణాళినే. పూత రాలిపోయిన ప్రతిసారీ తలుపేసుకుని ఏడ్చింది. ఆఖరికి ఒక్క కాయ నిలిచింది. కానీ స్టేషన్‌లో ఏం పండినా అందరిదీ అని రూలు. బంగినపల్లి అయ్యుంటే ముక్కలు కోసి పంచుకునేవాళ్లు. ఇది పెద్దరసం. మెత్తగా పిసికి, ముచ్చిక తుంచి, నోట పెట్టుకుని జుర్రుకోవాల్సిందే.

"రసాలపండుని కత్తితో కోస్తారా ఎవరైనా? కళ్లు పోతాయి," అంది సత్తెమ్మ. అంటే పండు ఒక్కరికే దక్కాలి.

అందుకని పోకర్. పేకముక్కలు దాచుకుని పందెం పెంచుకుంటూ పోయే ఆట అది. చేతిలో ఏమీ లేకపోయినా ధైర్యంగా పెంచితే, ఎదుటివాళ్లు భయపడి తమ ముక్కలు పడేస్తారు. సత్తెమ్మ చింతపండులోంచి ఏరి దాచిన పిక్కలే పందెం. అక్కడ బరువు తక్కువ కదా, విసిరిన చింతపిక్క కూడా తీరిగ్గా, చుట్టం వచ్చినట్టు బల్ల మీదికి దిగుతుంది.

మృణాళిని చెవికి ఒక దుద్దు ఉంది. అది మామూలు దుద్దు కాదు, సెన్సర్. ఎవరికి దిగులు ముంచుకొస్తోందో ముందే పసిగట్టడానికి ఆవిడే తయారుచేసింది. ఎదుటివాళ్ల ఊపిరి, నాడి, కనురెప్పల కదలిక చూసి, మనసులో ఏముందో చెవిలో చెబుతుంది. ఇప్పుడు దానికి పేకాట కూడా నేర్పింది. అందరికీ చెప్పే పెట్టుకుంది, ప్రయోగం కోసమని.

"పెట్టుకోండమ్మా. మా మనసుల్లో ఆ పండు తప్ప ఇంకేముంది?" అన్నాడు ఇస్మాయిల్.

దుద్దు గుసగుసలాడింది: "గవర్రాజు ముక్కలు పడేసే రకం కాదు. ఎదుటివాళ్ల చేతిలో ఏముందో చూడకపోతే అన్నం సహించదు. భయపెట్టడం దండగ. మంచి ముక్కలొచ్చేదాకా ఆగండి, వచ్చాక పెంచండి."

మృణాళిని ఆగింది, పెంచింది. గవర్రాజు పిక్కలన్నీ ఊడ్చుకుపోయాయి. "పోతే పోయాయి, చూశాను కదా," అన్నాడు తృప్తిగా.

"ఇస్మాయిల్ ఏమీ లేకపోయినా పెంచుతాడు. భయపడ్డట్టు ఉండండి. అతన్నే పెంచుకోనివ్వండి," అంది దుద్దు మళ్లీ.

మృణాళిని "అమ్మో" అంది. ఇస్మాయిల్ రెచ్చిపోయి ఉన్నదంతా తోశాడు. ముక్కలు తిప్పాక మొహం చిన్నబుచ్చుకుని, "మీరు 'అమ్మో' అన్నారు కదమ్మా! నమ్మాను," అన్నాడు.

ఇక సత్తెమ్మ. "గెలుపు ఖాయమైతే తప్ప ఈవిడ ముందుకు రాదు. గట్టిగా చప్పుడు చేయండి చాలు."

చేతిలో ఏమీ లేని మృణాళిని పిక్కల కుప్పంతా దడేల్న ముందుకు తోసింది. సత్తెమ్మ ఉలిక్కిపడి, "నాకెందుకులే తల్లీ," అని ముక్కలు పడేసింది. గవర్రాజు ఆగలేక ఇద్దరివీ తిప్పి చూశాడు.

"రెండు రాజులు పెట్టుకుని పడేశావేంటక్కా!"

"ఉంటే? ఆ రాజులేమన్నా నా మాట వింటారా?"

అదే ఆఖరి ఆట, పండు మృణాళినిది. చేతిలోకి తీసుకుని మెత్తగా పిసికింది. వాసన గుప్పుమంది. కానీ ఒక్కరూ లేవలేదు. ముగ్గురూ చెంపకి చెయ్యి చేర్చి కూర్చున్నారు.

"తినండమ్మా, మేం చూడట్లేదు," అన్నాడు ఇస్మాయిల్, కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని.

ఎదురుగా ఎవరైనా చూస్తుంటే తిన్నది దిష్టి కొట్టి కడుపునొప్పి వస్తుందని చిన్నప్పుడు విన్నది మృణాళిని. ఎంత సైన్సు చదివినా ఆ ఒక్క మాట మాత్రం కడుపులోంచి పోలేదు.

"నా గదిలోకి వెళ్లి తింటాను."

"అలాగే డాక్టరమ్మా," అంది సత్తెమ్మ. "వాసన ఎటూ ఇక్కడికే వస్తుంది. తిరిగే గాలి మనందరికీ ఒకటే కదా."

చెవిలో దుద్దు అంది: "ముగ్గురి నాడీ నిలకడగా ఉంది. గెలుస్తామన్న ధీమాతో ఉన్నారు."

"ఆట అయిపోయిందిగా!" అంది మృణాళిని, గొంతు తగ్గించి.

"వాళ్లు ఇంకా ఆడుతున్నారు."

మృణాళిని దుద్దు తీసి బల్ల మీద పెట్టింది. పండు వంక ఒకసారి చూసుకుంది. "సత్తెమ్మగారూ, పెరుగన్నం ఉందా?"

సత్తెమ్మ లేచి పక్కనున్న మూత తీసింది. పాలపొడితో తోడుపెట్టిన పెరుగన్నం, నాలుగు కంచాల్లో, ఉప్పేసి కలిపి సిద్ధంగా ఉంది.

"ఇదెప్పుడు కలిపారు?"

"ఆటకి కూర్చోకముందే తల్లీ."

రసం నాలుగు కంచాల్లోకీ పిండారు. టెంక మిగిలింది. "అది మీదేనమ్మా, చెట్టు మీరు పెంచారు. దిష్టి తగలకుండా మేం అటు తిరుగుతాం," అంది సత్తెమ్మ.

ముగ్గురూ గోడవైపు తిరిగారు. మృణాళిని టెంక నోట పెట్టుకుందో లేదో, గవర్రాజు మళ్లీ ఇటు తిరిగాడు.