కట్టలో లేని ఇల్లు

ఎర్రరంగు డబ్బాతో సర్వేయరు వంకర వీధిలోకి వచ్చేసరికి ఇంకా ఎనిమిది కాలేదు. ఇరవై ఏడో నంబరు ఇంటి ముందుగదిలో కుట్టుమిషను అప్పటికే గడగడలాడుతోంది. బడిపిల్లల యూనిఫారాలు సాయంత్రానికల్లా ఇచ్చేయాలి. కుట్టేది కూతురు. వరండాలో కూర్చున్నది తండ్రి, ముప్పై నాలుగేళ్ళు ఆ వీధికే ఉత్తరాలు పంచి రిటైరైన పోస్టుమాన్. గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బహుమతి అందుకోబోయే పిల్లవాడిలా కూర్చున్నాడు.

"ఏంటి నాన్నా, ఫొటో తీయడానికి వస్తున్నారా?"

"రానీ, తీస్తారేమో! ఈ వీధి చరిత్ర రాసినవాణ్ణి మరి."

ఆ మాట అబద్ధం కాదు. రోడ్డు వెడల్పులో బేసి నంబర్ల వైపు ఇళ్ళన్నీ పోతాయి, చరిత్ర ఉన్నవి తప్ప. ఏ ఇంటికి ఏ చరిత్ర ఉందో చెప్పే కాగితం ముక్క మునిసిపల్ ఆఫీసులో లేదు. అందుకని ఈయన్ని అడిగారు. నెల రోజులు కూర్చుని రాశాడు. ఫీజు అడగని డాక్టరు ఇల్లు, ఊళ్ళో మొదటి పత్రిక అచ్చయిన ప్రెస్సు, రైల్వే గడియారానికి ప్రాణం పోసినాయన కొట్టు. కూతురు చూపించమంటే, "అన్నీ ఉన్నాయిలే తల్లీ, అమ్మ గది లేకుండా ఉంటుందా?" అన్నాడు.

అమ్మ నర్సు. వంతెన కొట్టుకుపోయి ఆసుపత్రికి దారి తెగిన ఏడాదిన్నరలో ఆమె ఈ ముందుగదిలోనే నూటపన్నెండు పురుళ్ళు పోసింది. "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అని నవ్వేది. ఆమె పోయి ఆరేళ్ళు.

సర్వేయరు గుమ్మం ముందు ఆగాడు. కుంచె రంగులో ముంచాడు.

"బాబూ, ఇటు కాదు. ఇది మిగిలే ఇల్లు," అన్నాడు పోస్టుమాన్.

"లిస్టులో లేదండీ, పెద్దాయనా."

"ఎందుకుండదు? రాసింది నేనేగా!"

సర్వేయరు కాగితాలు చేతికిచ్చాడు. కూతురు మిషను ఆపి వచ్చి, తండ్రి భుజం మీదుగా చదివింది. తండ్రి చేతిరాతే. చివర 'అంతా సరిచూశాను' అని ఆయన సంతకం. ఇరవై ఏడు లేదు.

"కావాలనే కొట్టేశావు కదూ?" ఆమె గొంతు మారింది. "సొంతిల్లు రాసుకున్నాడని నలుగురూ అంటారని! మంచివాడు అనిపించుకునే పిచ్చి నీకు. ఊరందరి సంగతులూ మోశావు, అమ్మ ఒక్కతే బరువైందా?"

"లేదమ్మా, నేను రాశాను..."

"ఎక్కడ రాశావు? ఏదీ, నోటితో చెప్పు, వింటాం."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలు కట్టలోంచి ఒక్కో ఉత్తరం తీస్తున్నట్టు కదిలింది. "ఇరవై ఒకటి, ప్రెస్సు. ఇరవై మూడు, జడ్జిగారు. ఇరవై అయిదు, వయొలిన్ మాస్టారు. ఇరవై తొమ్మిది, గడియారాలాయన..."

ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఇరవై మూడు. ఇరవై అయిదు. ఇరవై తొమ్మిది.

కళ్ళు తెరిచి తన చొక్కా జేబు తడుముకున్నాడు.

ముప్పై నాలుగేళ్ళు రోజూ పొద్దున్నే ఆఫీసులో వీధి వరసన ఉత్తరాలు సర్ది కట్ట కట్టేవాడు. తన ఇంటికి వచ్చినవి ముందే తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. కట్టలో ఇరవై అయిదు తర్వాత ఇరవై తొమ్మిదే. వీధిని తలుచుకుంటూ రాసినప్పుడు చెయ్యి ఆ అలవాటు దారినే పోయింది.

"ఇప్పుడు రాసిస్తాను బాబూ. ఒక్క లైను."

"గడువు పోయిన వారమే అయిపోయిందండీ. నా చేతుల్లో ఏమీ లేదు. పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలి." సర్వేయరు తల వంచుకుని, గుమ్మం మీద వేయాల్సిన గుర్తును పక్కగోడ మీద, కిందుగా, అరచేతి అంత చిన్నదిగా వేశాడు. కూతురి దగ్గర మంచినీళ్ళు అడిగి తాగి, తర్వాతి ఇంటికి వెళ్ళిపోయాడు. అంతకన్నా ఎవరు మాత్రం ఏం చేయగలరు?

కూతురు మిషను ముందు ఊరికే కూర్చుంది. తండ్రి లోపలికి వచ్చి, కత్తిరించిన గుడ్డముక్కల మధ్య నేలమీద కూలబడ్డాడు.

"నువ్వన్నదే నిజమైతే బాగుండేది తల్లీ," అన్నాడు. "కావాలని కొట్టేసుంటే, గుర్తున్నట్టయినా అయ్యేది."

ఆమె సగం కుట్టిన చొక్కాను మిషను మీంచి తీసి పక్కన పెట్టింది.

"డాక్టరుగారికి ఎన్ని ఉత్తరాలొచ్చేవో చెప్పగలను. ఈ గదిలో ఎవరెవరు పుట్టారో చెప్పలేను. మొదట ఎవరు?"

"నేనే."

ఆయన తలెత్తాడు.

"వంతెన పోయిన మర్నాడే. పక్కింటావిడ సాయం పట్టిందట. నువ్వు ముప్పై మూడో నంబరు గుమ్మంలో రిజిస్టరు ఉత్తరానికి సంతకం పెట్టించుకుంటున్నావట. నా ఏడుపు విని, 'పాపం, ఎవరింట్లోనో పురుడు' అన్నావట." చెబుతూ చెబుతూ ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. "అమ్మ ఎన్నిసార్లు చెప్పి నవ్వేదో!"

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు నాన్నా."

ఆయన రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. వెక్కిళ్ళకు ఇస్త్రీ చొక్కా భుజాలు ఎగిసిపడుతున్నాయి. ఎంతో కోపంగా ఉన్న కూతురు, ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, లేచి వచ్చి పక్కనే కూర్చుంది. బయట టేపు సాగదీస్తున్న చప్పుడు.

"ఊరుకో. ఇల్లు ఎలాగూ దక్కదు."

"దక్కదు," అన్నాడు. ముఖం తుడుచుకున్నాడు. "పదిహేను రోజులున్నాయిగా. రెండో పురుడు ఎవరిదో చెప్పు."