వదులు చేసిన కుట్టు

అమ్మతో వచ్చిన చిక్కేమిటంటే, దేవుడికి కొలతలు తెలియవని ఆవిడ గట్టి నమ్మకం. ఒకరికి భుజం జారుస్తాడు, ఇంకొకరికి నడుము మరిచిపోతాడు. సర్దడానికి మాత్రం తను ఉండాలి! వీధిలో సగంమందికి బట్టలు కుట్టే మనిషి, కూతురి చొక్కా ఇంకో దర్జీ చేతిలో పడనిచ్చేది కాదు.

ఎందుకో కూతురికి తెలుసు. ఎడమ రొమ్ము కింద పుట్టుకతోనే మూడో చనుమొన ఉంది. ఇంట్లో దాన్ని పుట్టుమచ్చ అనేవారు. అది పైకి తెలియకుండా అమ్మ ప్రతి చొక్కాకూ లోపల మెత్తని గుడ్డ వేసేది.

ఒక ఉదయం ఉద్యోగానికి తయారవుతుంటే మచ్చ కింద గోలీకాయలా గట్టిగా ఏదో చేతికి తగిలింది.

"అమ్మా, డాక్టరుకి చూపిద్దాం."

"మచ్చకి డాక్టరేమిటే? నలుగురిలో నవ్వులపాలవడానికా?"

"నలుగురెక్కడ? చూసేది ఆవిడొక్కతే. నవ్వితే ఫీజు ఇవ్వకుండా వచ్చేద్దాంలే."

అమ్మ నవ్వలేదు కానీ వెంట వచ్చింది.

డాక్టరమ్మ చాలాసేపు తడిమి చూసింది. "ఇది మచ్చ కాదమ్మా, చనుమొనే. ఇలా కొందరికి ఉంటుంది, చాలావరకు ఏ హానీ ఉండదు. కానీ కింద రొమ్ము కణజాలం ఉంటే, రొమ్ముకొచ్చే జబ్బులు దీనికీ రావచ్చు. పెరుగుతోందా?"

"లేదండీ. పెరిగితే చొక్కాలు పట్టేసేవి కదా! మా అమ్మ కుట్టినవి ఇప్పటికీ అతికినట్టు సరిపోతున్నాయి."

అమ్మ కిటికీ తెర అంచు వైపు చూస్తూ ఉండిపోయింది.

ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. చంకలోకీ పాకింది. ముందే రావాల్సిందని డాక్టరమ్మ అనలేదు. అనకపోవడమే ఎక్కువ భయపెట్టింది.

ఆసుపత్రికి బట్టలు సర్దుతూ కూతురు ఒక చొక్కా తిరగేసింది. ఎడమ రొమ్ము దగ్గర, కొత్త కుట్టు పక్కన విప్పేసిన పాత కుట్టు సూది రంధ్రాలు వరసగా కనిపించాయి. ఇంకోటి తీసింది. దానికీ అంతే.

"ఇవి ఎప్పుడు విప్పావమ్మా?"

"ఉతికితే బట్ట ముడుచుకుపోయిందే..."

"అన్నీ అక్కడొక్కచోటే ముడుచుకున్నాయా? నేను డాక్టరు ముందు నీ కుట్టుపనిని మెచ్చుకుంటుంటే, ఎలా నిలబడ్డావమ్మా?"

అమ్మ మంచం అంచున కూలబడింది. కత్తెర పట్టి కాయలు కాసిన వేళ్లతో మొహం కప్పుకుంది.

"పెరుగుతోందని తెలుసు. ప్రతిసారీ తెలుసు. నీకు సిగ్గని దాచలేదే, నా కడుపున ఇలా పుట్టావని నాకే సిగ్గు. తప్పు చేశాను తల్లీ. నాదే తప్పు."