అద్దంలో నిలువు మనిషి

మా ఆడబిడ్డ సోమమ్మకు లగ్గం కుదిరాక ఇంట్లో మొదటి కొట్లాట చీరల మీద రాలేదు, సొమ్ముల మీద రాలేదు. ఫోటో మీద వచ్చింది. గొర్లు కాసుకునే మా ఇళ్ళల్లో అంతకుముందు ఎవరి లగ్గానికీ ఫోటో తీసింది లేదు. పెండ్లి పిల్లవాడిది చిట్యాల దగ్గరి ఊరు, వాళ్ళు నాలుగు ఊళ్ళు తిరిగినవాళ్ళు. ఫోటో మాత్రం ఆడపిల్లవాళ్ళే తీయించాలని పట్టుబట్టారు. మేమూ సరేనన్నాం.

సోమమ్మకు నల్లగొండ బజారులోని ఫోటో ఆయన కావాలి. ఆయన దగ్గర రంగుల పరదా ఉంది. దాని మీద చెరువు, చెరువులో హంసలు, వెనక మెట్లున్న మేడ. ఆ పరదా ముందు నిలబడితే గొర్ల కాడి పిల్ల కూడా దొరసానిలా కనిపిస్తుందట. దానికి నిద్రలో కూడా హంసలే. మేనమామ కురుమయ్య కూడా ఆయననే పిలుద్దామన్నాడు.

మా అత్త గుర్వమ్మ ఉన్ని వడుకుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"దుర్గయ్యను పిలుస్తున్న."

కురుమయ్య మామ తాగుతున్న చుట్ట పక్కన పెట్టాడు. "అక్కా, నీకేమన్న మతి పోయిందా? పీనుగుల ఫోటోలు తీసిన చెయ్యి గది. లగ్గం పిల్ల ముంగట గా ఫోటో డబ్బా పెట్టిస్తవా?"

"పెట్టిస్త. గా డబ్బా ఎవలెవల్ని చూసిందో నాకు తెల్వాలె."

దుర్గయ్య చెడ్డవాడేమీ కాదు. రజాకార్లు పోయి మిలిటరీ వచ్చాక మా దిక్కు బతుకులు పెనం మీది నుంచి పొయ్యిలో పడ్డాయి. దొరల మీద తిరగబడిన సంఘం వాళ్ళను కాల్చినప్పుడల్లా, చచ్చింది ఎవరో గుర్తుపట్టడానికి క్యాంపు వాళ్ళకు ఫోటోలు కావలసి వచ్చేవి. దుర్గయ్యను జీపు ఎక్కించుకుని పోయేవారు. తుపాకి చూపిస్తే ఎవరు పోరు? కానీ లోకానికి తుపాకి పట్టినవాడి మీద కోపం రాదు, డబ్బా పట్టినవాడి మీద వస్తుంది. అప్పటి నుంచి ఆయనను లగ్గాలకు పిలవడం మానేశారు.

మా అత్త ఆయననే ఎందుకు కోరుకుందో నాకు తెలుసు. అందుకే ఆయన రావద్దనుకున్నాను.

మా ఆయనను ఊరంతా బీరన్న అని పిలిచేది. నేను మాత్రం లగ్గం నాడు ఒక్కసారి తప్ప ఆ పేరు ఎన్నడూ పలకలేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ నేర్పింది. గుట్టల్లో దాక్కున్న దళం వాళ్ళకు ఆయన జొన్నరొట్టెలు మోసేవాడు. అది ఎవరో క్యాంపుకు చేరవేశారు. మందలో ఉన్నవాడిని ఉన్నట్టే మిలిటరీ వాళ్ళు పట్టుకుపోయారు. పొద్దుమూకి గొర్లు వాటంతట అవే ఇంటికొచ్చాయి. మరునాడు గుట్ట కింద గొంగడి దొరికింది. మనిషి దొరకలేదు. వరంగల్ జైల్లో చూశామని ఒకరన్నారు. గుట్ట మీద కాల్చినవాళ్ళలో ఉన్నాడని ఇంకొకరన్నారు.

అప్పటి నుంచి నాది అటూ ఇటూ కాని బతుకు. బొట్టు పెట్టుకుంటే ఊరు చూసేది, పెట్టుకోకపోతే అత్త చూసేది. నాకైతే తెలుసుకోవాలని లేదు. తెలియనంత కాలం ఆయన జైల్లో ఉన్నాడు. గొంగడి లేక చలికి ముడుచుకుని పడుకున్నాడు, అంతే. ఆ మాత్రం ఆయనను కూడా అత్త నా నుంచి లాక్కుంటున్నదని నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

"అత్తా, ఒద్దే," అన్నాను ఆ సాయంత్రం ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని. "నాకు భయమైతాంది."

"కన్నదాన్ని నాకే భయం లేదు. నీకెందుకే పిల్లా?" అంది. కానీ ఆమె కదురు మీద ఉన్ని పోగు పుటుక్కున తెగింది.

లగ్గం నాడు ఇంకో ముడి పడింది. సోమమ్మ తండ్రి లేడు కాబట్టి పిల్లవాడి కాళ్ళు కడిగి పిల్లను అప్పగించవలసింది అన్నా వదినలే. కురుమయ్య మామ తానూ తన భార్యా పీటల మీద కూర్చుంటామన్నాడు. అత్త ఒప్పుకోలేదు.

"నా కొడుకు బతికే ఉన్నడు. ఆడు రాకుంటే ఆని గొంగడి కూసుంటది."

మా వాళ్ళలో ఆ రివాజు ఉంది. మందతో దూరం పోయిన మొగవాడు వేళకు అందకపోతే, అతని పీట మీద గొంగడి మడిచిపెట్టి, భార్య కొంగును దానికి ముడివేసి పని కానిస్తారు. కానీ అది బతికున్నవాడికి చేసే పని. ఉన్నాడో లేడో తెలియనివాడికి ఎవరూ చేయరు. ఆ మాట పందిట్లో పెద్దలందరికీ తెలుసు. అయినా తల్లి ముఖం చూసి గొంగడికి పీట వేశారు.

గొంగడి కొసను నా కొంగుకు ముడివేశారు. ఉన్ని వాసన, దాని కింద ఆయన చెమట వాసన. పక్కన నిజంగానే ఎవరో కూర్చున్నట్టు అనిపించి నాకు ఏడుపొచ్చింది. పిల్లవాడి కాళ్ళ మీద నీళ్ళు పోస్తూ, కళ్ళ నీళ్ళు ఎవరికీ కనబడకుండా తల వంచుకున్నాను.

దుర్గయ్య ఎండ వాలుతుండగా వచ్చాడు. ఉతికిన చొక్కా, నూనె రాసి దువ్విన తల. "శాన దినాలకు లగ్గం ఫోటోకు పిలిచిండ్రు అవ్వా," అన్నాడు. ఆ సంబరం చూస్తే ఆయన మీద నాకు జాలేసింది. అత్త ఆయనను పక్కకు తీసుకుపోయింది. కొడుకు ఎత్తు చెప్పింది, చెవి కింది మచ్చ చెప్పింది.

దుర్గయ్య నేల చూపులు చూశాడు. "ముఖాలు నేను చూడలే అవ్వా. ఒట్టు. డబ్బా చూసింది గని నేను చూడలే."

అత్త డబ్బా దిక్కు చూసింది.

ఆయన మూడు కాళ్ళ కొయ్య మీద డబ్బా నిలబెట్టి, వెనక బొమ్మ కనబడే అద్దం మీద నల్లగుడ్డ కప్పాడు. సోమమ్మ ముచ్చట పడుతుంటే దాన్నే ముందు ఆ గుడ్డ కింద చూడనిచ్చాడు. అది కిలకిలా నవ్వుతూ బయటికొచ్చింది. "వదినా! అద్దంల అందరు తలకిందులుగ ఉన్నరే! మామ మీసాలు ఆకాశం దిక్కు ఉన్నయి!" పందిరంతా నవ్వింది. డబ్బా గుణమే అంతేననీ, కాగితం మీద మళ్ళీ సక్కగా వస్తుందనీ దుర్గయ్య చెప్పాడు.

అందరినీ వరుసగా నిలబెట్టాడు. నడుమ పిల్ల, పిల్లవాడు. ఇటు కొసకు నేను. నా పక్కన పీట మీద గొంగడి. నా కొంగు ఇంకా దానికే ముడివేసి ఉంది. దుర్గయ్య గుడ్డ కిందికి దూరాడు.

"గా కొసకు నిలబడ్డాయన... జర లోపలికి జరుగుండ్రి."

కొసకు ఉన్నది నేను. ఒక అడుగు జరిగాను.

"నువ్వు కాదు చెల్లే. నీ పక్కన ఆయన."

నవ్వులు ఆగిపోయాయి. పందిరి మీది మామిడాకులు కదలడం మానేశాయి. ఎక్కడి నుంచో తడిసిన ఉన్ని వాసన వచ్చింది... వానలో నానిన గొంగడి వాసన. ఎండ ఇంకా పందిట్లోనే ఉంది. పీట మీది గొంగడి పొడిగానే ఉంది.

దుర్గయ్య గుడ్డ తీసి చూశాడు. మళ్ళీ కప్పుకున్నాడు. మళ్ళీ తీశాడు. మెల్లగా నా దగ్గరికి వచ్చి, పెదవులు కదిలీ కదలకుండా అడిగాడు.

"నీ పక్కన ఎవలున్నరు చెల్లే?"

"ఎవలు లేరన్నా. గొంగడే."

"గొంగడి కప్పుకొని ఉన్నడు..." డబ్బా దిక్కు తిరిగి చూశాడు. "అందరు తలకిందులుగ ఉన్నరు. ఆయనొక్కడే నిలువుగ ఉన్నడు."

"అంటే... ఏందన్నా?"

"క్యాంపుల గూడ గిట్లనే..." వెనక్కి ఒక అడుగు వేశాడు. "పండబెట్టిన పీనుగులు అద్దంల తలకిందులుగనే ఉండేది. ఆళ్ళ ఎనక... ఆళ్ళే... లేచి నిలబడేది. నిలువుగ."

నాకు తెలిసిపోయింది. జైలు లేదు, చలి లేదు, ముడుచుకుని పడుకున్న మనిషి లేడు.

అంతలో అత్త ఎవరినీ అడగకుండా పోయి నల్లగుడ్డ కిందికి దూరింది. ఆపడానికి నేను కదలబోతే గొంగడి బరువుకు కొంగు వెనక్కి లాగింది. అంత బరువు ఆ గొంగడికి ఎన్నడూ లేదు.

గుడ్డ కింద నుంచి నవ్వు వినిపించింది. కొడుకు పోయాక ఆమె నవ్వడం నేను వినలేదు. బయటికొచ్చినప్పుడు ఆమె ముఖం దీపం ముట్టించినట్టు ఉంది.

"ఉన్నడే! నా కొడుకు ఉన్నడు! గడ్డం పెరిగింది. లోకమంత తలకిందులైనా నా కొడుకు నిలువుగ నిలబడ్డడు!" నా దిక్కు చెయ్యి చాచింది. "నువ్వు సుత బిడ్డా. మీ ఇద్దరే... నిలువుగ ఉన్నరు."

దుర్గయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నేను చూసినప్పుడు నువ్వు అందరి లెక్కనే ఉంటివి చెల్లే," అని గుసగుసలాడాడు. "ముడి ఇప్పిచ్చుకో. జల్ది."

ఆయన ఫోటో తీయలేదు. అద్దం ఊడదీసి, డబ్బా మడిచి, పిలుస్తున్నా ఆగకుండా వెళ్ళిపోయాడు. సోమమ్మ ఫోటో పోయిందని ఏడ్చింది. మంచి ఫోటో ఆయనను పిలిస్తే ఇట్లయ్యేదా అని కురుమయ్య మామ అరిచాడు. మా అత్త మాత్రం వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరిగింది, కొడుకు బతికే ఉన్నాడని. నాకు నేల మీద పడి గుండెలు బాదుకోవాలని ఉంది. కానీ ఆ తల్లి సంబరం ముందు ఎట్లా ఏడ్వను? మొగుడు పోయాడని తెలిసిన నాడే మొగుడి కోసం ఏడ్వడానికి కూడా నోచుకోని దాన్నయ్యాను.

ముడి ఎవరు పడితే వాళ్ళు విప్పరాదు. కొంగుముడి పడిన జంట గడప దగ్గరికి వస్తే, ఆడబిడ్డ తలుపుకు అడ్డం నిలబడుతుంది. ఒకరి పేరు ఒకరు చెప్పాకే ముడి విప్పి లోపలికి వదులుతుంది. గొంగడిని చంకన పెట్టుకుని దీపాల వేళకు గడప ముందు నిలబడ్డాను. పెండ్లి చీరలో సోమమ్మ రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది. ఏడ్చి ఏడ్చి దాని కళ్ళు వాచాయి. అయినా తెచ్చిపెట్టుకుని నవ్వింది.

"పేరు చెప్పు వదినా. చెప్పకుంటె పోనియ్య."

ఆయుష్షు తగ్గుతుందని ఇన్నేళ్ళు దాచుకున్న పేరు. ఇక తగ్గడానికి ఏముంది?

"బీరన్న," అన్నాను.

నా నోటికి ఆ పేరు ఎంత తీయగా ఉందో! జైల్లో ఉన్నాడనుకున్న రోజుల్లోనైనా ఒక్కసారి పలకకపోతినే అనుకున్నాను.

"ఇగ అన్న చెప్పాలె," అంది సోమమ్మ, అలవాటు మాటగా.

ఎవరూ మాట్లాడలేదు. దీపం కదలలేదు. తడిసిన ఉన్ని వాసన... దగ్గరగా... నా చెవి పక్కనే...

సోమమ్మ చేతులు మెల్లగా కిందికి వాలాయి. కురుమయ్య మామ గోడకు ఆనుకున్నాడు. అత్త రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని బొటబొటా కన్నీళ్ళు కార్చింది.

"చెప్పిండు," అంది సోమమ్మ. దాని గొంతు దానిది కానట్టుంది. "సైదమ్మ అన్నడు. నీ పేరు."

నాకేమీ వినిపించలేదు.

"ఎట్ల అన్నడే?" అని దాని చేతులు పట్టుకుని ఊపాను. "ఎట్ల అన్నడో చెప్పవే! నాకెందుకు ఇనబడలే? ఇంకొక్కసారి అనమనవే!"

"మల్ల అన్నడు వదినా," అంది, వెనక్కి జరుగుతూ. "ఇప్పుడే. నువ్వు పలుకుతలేవు."

ఇల్లంతా విన్నది. వాకిట్లో చుట్టాలు విన్నారు. ఆ గొంతు కోసం రాత్రుళ్ళు చెవులు రిక్కించి పడుకున్నది నేను. నాకొక్కదానికే అది వినిపించలేదు.

ముడి ఎంతకూ రాలేదు. వేళ్ళతో రాలేదు, పండ్లతో రాలేదు. చివరికి కురుమయ్య మామ నా కొంగును కత్తితో కోశాడు. ఆ పీలిక గొంగడికే ఉండిపోయింది. అత్త దాన్ని అట్లాగే పెట్టెలో దాచింది.

సోమమ్మ అత్తగారింటికి పోయింది. నా బొట్టు తీయనివ్వలేదు అత్త. కొడుకు ఉన్నాడు కదా! పొద్దుమూకే వేళ ఆమె ఉన్నట్టుండి వడుకుడు ఆపి వాకిలి దిక్కు చూస్తుంది. తర్వాత నా దిక్కు చూస్తుంది. "పిలుస్తున్నడు బిడ్డా, జర పలుకు," అని బతిమాలుతుంది. పలికితే ఏమవుతుందో దుర్గయ్య ముఖంలో చూశాను. అయినా చెబుతున్నాను, వినిపిస్తే పలుకుదామనే ఉంది నాకు. ఏం మాటకు పలకాలో తెలియక ఊరుకుంటున్నాను.

నిన్న మందను దొడ్డికి తోలుతుంటే గొర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మేత నోట్లోనే ఉంది. చెవులు నిక్కబొడుచుకుని అన్నీ గుట్ట దిక్కు విన్నాయి. తర్వాత... మందంతా... తలలు తిప్పి నన్ను చూసింది. నేను పలికేదాకా ఒక్క గొర్రె కూడా కదలనట్టు నిలబడింది.