తొంభై వగపు

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి హైమవతి గొంతులో వగపు అరవైకి పడిపోయింది. గొంతులోని బాధను కొలిచే బల్లమీది వగపుమాని ఎర్రబడింది. డెబ్బై దాటని మన్నింపు చెల్లదు.

"కొంచెం వణికించండి మేడమ్. సొంత మేనమామ పోయినట్టుండాలి," అన్నాడు పర్యవేక్షకుడు పైడిరాజు.

"ఉన్న మేనమామలందర్నీ పొద్దున్నే చంపేశాను. మీ వాళ్ళనెవర్నైనా అరువివ్వండి."

యంత్రం తప్పుకు యంత్రమే క్షమాపణ చెబితే చెల్లదని చట్టం వచ్చాక, మేఘకుండల సంస్థ సముద్రపు గోడ పక్కన, ఫిర్యాదు చేసినవాళ్ళకు మనుషులే ఫోనులో మన్నింపు చెప్పే ఈ మన్నింపుశాల కట్టింది. గాలిలోంచి నీళ్ళు తీయాల్సిన కుండలు ఊళ్ళో ఎండిపోతుంటే, ఇక్కడ మనుషులు కరిగిపోతుంటారు. సంస్థ దీన్ని క్షమాపణ అంటుంది. చేసేవాళ్ళు క్షమా 'పని' అంటారు. ఇంటికెళ్ళి మొగుడి కాలు తొక్కినా హైమవతి నోట 'అయ్యో' రాదు. సరుకంతా ఇక్కడే ఖర్చయిపోతుంది.

మరమ్మతు విభాగం మాత్రం లేదు. కుండ బాగుపడితే కొత్త కుండ ఎవరు కొంటారు? ఒక ఆదివారం హైమవతి తన ఇంట్లో ఎండిన కుండను విప్పింది. జల్లెడకు ఉప్పు పట్టింది, అంతే. కడిగి బిగిస్తే నీళ్ళొచ్చాయి. ఆ చుక్క పడిన చప్పుడు ఆమెను వదల్లేదు. బెస్తపేటలో మరమ్మతు కొట్టుకు గది మాట్లాడుకుని, రాజీనామా ఇచ్చింది. ఇవాళే ఆఖరి రోజు. సాయంత్రం సంస్థకు తొంభై వగపుతో మన్నింపు చెప్పుకుంటేనే, చేరినవాళ్ళందరికీ బిగించే చేతి కంకణం ఊడుతుంది. ఊడకపోతే రాజీనామా రద్దు. కంకణం కట్టుకుని చేరిన ఉద్యోగం మరి!

ఆమెకు ఆఖరి ఫోను పిలుపు వచ్చింది. బెస్తపేట నుంచి నూకాలమ్మ అనే ముసలామె.

"మన్నించండమ్మా, మీకు కలిగిన..."

"నిన్నా ఇదే సెప్పినారు. మీ సారీలు గలాసులో పోసుకుని తాగమంటారేటే అమ్మా?"

హైమవతి మన్నింపు మాటను మధ్యలోనే వదిలేసింది. తర్వాత, "కుండ బోర్లించండి. వెనక మూడు చెవుల మర ఉంటుంది. చెంచా కాడతో తిప్పండి," అంది. జల్లెడ కడిగించింది, బిగింపించింది. అవతల చుక్క పడింది.

"వచ్చినాయే తల్లీ!"

తెర మీద 'ఊరడిల్లింది', 'ఊరడిల్లలేదు' అని రెండే మీటలున్నాయి. 'తీరింది' అన్నది లేదు. ఏ మీటా నొక్కకపోయేసరికి, శాలంతటికీ ఉన్న ఒకే వరసలో వెనకాల పిలుపులన్నీ నిలిచిపోయాయి. శాలలో వణికే గొంతులు ఒక్కొక్కటే ఆగాయి.

పైడిరాజు పరుగెత్తుకొచ్చాడు. "ఏటి మేడమ్ ఇది! తొందరగా సంస్థకు మన్నింపు చెప్పేసి బయటపడండి."

"వెళ్ళిపోతున్నందుకు మన్నించండి," అంది హైమవతి.

వగపుమాని రెండు చూపించింది.

ఆమె నవ్వి, సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసింది. సంస్థ పిసినారితనం ఎంతటిదంటే, కుండకూ కంకణానికీ అదే మర. మూడు తిప్పులకు కంకణం బల్లమీద పడింది.

పైడిరాజు చెయ్యి గోడమీది ప్రమాద మీట మీదికి పోయింది. "నొక్కాలి మేడమ్. పిల్లలున్నారు నాకు. మన్నించండి."

వగపుమాని మోగింది. తొంభై తొమ్మిది. ఆ శాలలో ఆ అంకె ఎవరూ చూడలేదు.

"ఆ రెండో చెయ్యి ఇటివ్వండి పైడిరాజుగారూ," అంది హైమవతి.

ఒక చెయ్యి మీట మీదే ఉంది. కంకణం ఉన్న చెయ్యి మాత్రం, ఆయన్నడక్కుండానే, ఆమె వైపు సాగింది.