తెలుగొచ్చిన దొరసాని

నందికొట్కూరు దాటి కొంచెం దూరం పోతే, రోడ్డు పక్కన కంపచెట్ల మధ్య దొరల గోరీలు ఉండాయి. పొద్దు మునిగినాక అటు ఎవరూ తల తిప్పరు. చివరి గోరీలో ఉండే దొరసాని — "నీళ్ళు... నీళ్ళు..." అని అడుగుతాదంట. పలికినోడు తెల్లారేసరికి జ్వరంతో పడతాడంట.

దొరసానికి తెలుగు ఎట్లొచ్చిందని మా ఊర్లో ఒక్కనికీ అనుమానం రాలేదు. పంచాయితీల్లో మీసాలు మెలేసే మొగోళ్ళు కూడా ఆ మలుపు కాడ బండి నిదానం చేసి, నిమ్మకాయ ఇసిరి, దండం పెట్టుకోని పోతారు. అదీ మావాళ్ళ పౌరుషం.

ఇంక చెప్పేదంతా ఆటో తోలే రబ్బానీ చెప్పిందే. అది జరిగిన పొద్దు ఆయప్ప ఆడనే ఉన్నాడు.

యేసుప్రసాద్ అని, హైస్కూల్లో సోషల్ అయ్యవారు. ఆదివారం చర్చి అయిపోతే పాత సమాధులు వెతుక్కుంటా తిరగడం ఆయనకు పిచ్చి. రాళ్ళ మీద రాతలు చదివి, ఆ ఊరి పాత సంగతులు తవ్వుతాడు. రబ్బానీ ఆటోలోనే వచ్చినాడు. దారిలో టైరు పంచరై, గోరీల కాడికి చేరేసరికి మసక చీకటి.

"సారూ, నేను ఈడనే ఉంటా," అన్నాడు రబ్బానీ, కూలిన గోడ కాడ ఆగిపోయి.

"దెయ్యముంటే మంచిదే గదప్పా. చరిత్ర నాకంటే బాగా చెప్తాది," అని నవ్వుకుంటా లోపలికి పోయినాడు అయ్యవారు.

చివరి గోరీ మీద తీగలు పీకినాడు. అక్షరాల్లో మట్టి. కడిగితే కనపడతాయని సీసాలో నీళ్ళు కొంచెం పోసినాడు.

గుటక్...

చెయ్యి ఆగిపోయింది. మళ్ళా పోసినాడు.

గుటక్... గుటక్... — లోపల ఎవరో ఆత్రంగా తాగుతాన్నట్టు.

గోడ కాడికి గూడా ఇనపడింది. "సారూ... వచ్చేయండి..." రబ్బానీ గోడ పట్టుకోని పిలిచినాడు.

అయ్యవారి నవ్వు ఎప్పుడో పోయింది. పోయడం ఆపితే ఏమడుగుతాదో అని — సీసా ఖాళీ అయ్యేదాకా పోస్తానే ఉన్నాడు.

చివరికి ఫోను లైటు వేసినాడు. రాయి నిలువునా చీలి ఉండాది. నీళ్ళు ఆ చీలిక గుండా లోపలి బొరియలోకి దిగుతాండాయి. అంతే.

ఆ వెలుగులోనే తడిసిన అక్షరాలు తేలినాయి. పైన ఇంగ్లీషు, కింద తెలుగు.

"గిడ్డమ్మ. మా బిడ్డలను సాకిన ఆయా. కరువు కాలమందు తన వంతు నీళ్లు వారికి త్రాగించి, దాహముతో చనిపోయెను."

"దొరసాని కాదా సారూ?" రబ్బానీ మెల్లగా దగ్గరికొచ్చినాడు.

"కాదప్పా. మన మనిషే."

బతికుండంగా గుక్కెడు నీళ్ళు తాపనోళ్ళు, చచ్చినాక ఇంత రాయి మోయించినారు. దొరతనమంటే అదే మరి.

ఊరు గర్వపడతాదనుకున్నాడు పిచ్చి అయ్యవారు. పొద్దున్నే టీ అంగడి కాడ అందరికీ చెప్పినాడు.

"ఓస్, గిడ్డమ్మనా? కూలి చేసుకునే ఆడదానికా ఇన్నాళ్ళు మొక్కింది?" అని పొట్ట పట్టుకోని నవ్వినారు.

భయం పోయింది. భయంతో పాటు మర్యాదా పోయింది. గోరీ చుట్టూ మందు సీసాలు లేచినాయి. ఓబుళేశు అనే, అక్షరం ముక్క రాని ఆసామి తన బర్రెల్ని తెచ్చి ఆడ కట్టేసి, రాత మీద పిడకలు చరిపించినాడు.

"అది సమాధప్పా," అన్నాడు యేసుప్రసాద్.

"గిడ్డమ్మదే గద సారూ. ఏమంటాది?"

అయ్యవారు నేరుగా టీ అంగడికి పోయి, అందరూ ఇనేటట్టు అబద్ధమాడినాడు.

"నేను పొరపాటు పడినా. ఆ పొద్దు చీకట్లో పక్క రాయి చదివినా. ఇది కలెక్టరు దొర పెళ్ళాం గోరీ. శానా కోపిష్టి మనిషంట."

పొద్దు మునగకముందే ఓబుళేశు పరిగెత్తినాడు. బర్రెల్ని విప్పి, పిడకలు సొంత చేతుల్తో గీకి, రాయి శుభ్రంగా కడిగినాడు. చెప్పులు ఇడిసి, చేతులు కట్టుకోని, గిడ్డమ్మ ముందర తల వంచుకోని నిలబడినాడు. తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకోని, గుసగుసగా అన్నాడు —

"సారీ, మేడమ్."